తొట్టి ఖాళీ చేసిన పాస్టరయ్య

మంగళవారం పొద్దున పాస్టరమ్మ ఫోన్ చేసింది. "అయ్య పోయినాడప్పా. స్నానం చేసొచ్చి మంచం మీద కూర్చున్నాడు, అంతే" అన్నది. మైదుకూరు దగ్గరి పల్లెలో, దళితుల కాలనీలో ఉన్న చిన్న చర్చికి ఆయన ముప్పై ఏళ్లకు పైగా పాస్టరు. నేను ఆ సంఘం సభ్యుణ్ణి కాను. వార్త కోసం వెళ్లి పరిచయమైనవాణ్ణి.

ప్రార్థనకు ఎవరు పిలిచినా ఆయన ముందు వంటింట్లోకి తొంగిచూసేవాడు. పొయ్యి వెలగలేదని తెలిస్తే ప్రార్థన రెండు మాటల్లో ముగించి, పక్కింటికి పోయి సంగటి అడిగి తెచ్చేవాడు. "ఆకలితో ఉండేవాళ్ల ముందర పొడుగు ప్రార్థన చేస్తే దేవునికే ఇబ్బందప్పా" అనేవాడు. "ఈపొద్దు అయ్య శానాసేపు చేసినాడు, మేం బాగుపడినట్టే" అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఒక ఎండాకాలం కాలనీ మంచినీళ్ల పైపు పగిలింది. బాగుచేసేవాళ్లు లేరు. ట్యాంకరు కాలనీ దాకా రాకుండా ఊళ్లోనే ఖాళీ అయి వెనక్కి పోయేది. ఆ వారమే ఈస్టరు, పదకొండు మందికి బాప్తిస్మం. సంఘపెద్ద తన పొలం బోరు నుంచి నీళ్లు తోలించి, చర్చి వెనక బాప్తిస్మపు తొట్టి నింపించాడు. మనిషిని పూర్తిగా ముంచాలి కాబట్టి నడుము లోతు నీళ్లు.

ఆదివారం పొద్దున పాస్టరయ్య గేటు తీసి, బిందెలు తెచ్చుకోమని ఆడవాళ్లను పిలిచాడు. ఆరాధన వేళకు తొట్టి అడుగున తడి మాత్రమే మిగిలింది.

"దేవుని కోసం తోలిన నీళ్లయ్యా అవి! బాప్తిస్మం యాడ ఇస్తావు?" అని సంఘపెద్ద అరిచాడు.

"వానలు పడనీప్పా, కుందూ ఏట్లో ఇస్తా. వీళ్లు గొంతెండి నిలబడితే నేను మనుషుల్ని నీళ్లల్లో ఎట్ల ముంచేది?"

పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. ఆయన వెంట సంఘంలో సగం మంది వెళ్లారు.

మర్నాడు పాస్టరయ్య, కాలనీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మండలాఫీసు ముందు కూర్చున్నారు. చర్చి పని వదిలి ఇదేమిటని అడిగాను. "ఇదీ చర్చి పనే. నువ్వు పైపు యాడ పగిలిందో సరిగ్గా రాయి" అన్నాడు. నేను ఆయన పేరు పెద్దగా పెట్టి రాశాను. తెల్లారి ఫోన్ చేసి తిట్టాడు: "బిందెలు మోసిందెవరు, పేరు ఎవరిదేసినావు?" తప్పు నాదే. తర్వాతి వార్తలో ఆరుగురు ఆడవాళ్ల పేర్లు వేశాను.

మూడో వారంలో పైపు బాగైంది. పెద్దాయన మాత్రం చర్చికి తిరిగి రాలేదు. పాస్టరయ్య ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి పోయి, మాట్లాడేవాళ్లు లేకున్నా కాసేపు అరుగు మీద కూర్చొని వచ్చేవాడు. "నీళ్లు వచ్చినాయి గానీ మనిషి పోయినాడప్పా" అని నాతో ఒకసారి అన్నాడు. ఆయన గొంతు తగ్గడం నేను విన్నది అప్పుడే.

వానలు పడ్డాక కుందూలో బాప్తిస్మాలు జరిగాయి. నేనూ వెళ్లాను. పదకొండో మనిషిని లేపేసరికి పాస్టరయ్య కాళ్లు వణుకుతున్నాయి. గట్టు మీద, జనానికి దూరంగా పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"రాప్పా, మోకాళ్లు పట్టేసినాయి. నన్ను పట్టుకో" అని పాస్టరయ్య చెయ్యి చాచాడు.

పెద్దాయన చెప్పులు విడిచి, ఇస్త్రీ పంచెతోనే నీళ్లలోకి దిగాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకొని గట్టెక్కారు. ఇద్దరి తెల్లబట్టలకూ నడుము దాకా ఒకే ఎర్రమట్టి రంగు.