చప్పుడు లేని ఇల్లు

ఆగయ్య సిరిసిల్లలో ముప్పై రెండేళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక్క మనిషి ఎనిమిదింటిని చూసుకోవాలి. ఎనిమిదీ ఒక్కసారే మొత్తుకుంటుంటే, వాటిలో ఏ ఒక్కటి గొంతు ఆపినా తిరిగి చూడకుండానే అటు ఉరకాలి. ఆగిందంటే పోగు తెగినట్టే. ఆ షెడ్డులో మాటలన్నీ అరుపులే. గుసగుసలాడిన మనిషిని ఆగయ్య అక్కడ ఎన్నడూ చూడలేదు.

మొన్న ఎండాకాలం షెడ్డు మూతపడింది. భార్య పోయి నాలుగేళ్లు. ఒక్కగానొక్క బిడ్డ శ్రీలత వచ్చి తండ్రిని కోరుట్లకు, తన ఇంటికి తీసుకుపోయింది. అల్లుడు కరుణాకర్ ఇంటి ముందు గదిలోనే పిండి గిర్ని నడుపుతాడు.

వచ్చిన వారానికే ఆగయ్యకు రాత్రి నిద్ర కరువైంది. కన్ను మూతపడగానే గుండె దడదడలాడి లేచి కూర్చునేవాడు. చేతులు వణికేవి. పగటిపూట కాస్త కునుకు పడితే అదే గొప్ప. శ్రీలత జగిత్యాలలో ఒక డాక్టరుకు చూపించింది. డాక్టరు ఆగయ్యను బయట కూర్చోమని బిడ్డతో విడిగా మాట్లాడాడు. తలుపు సందులోంచి చూస్తే బిడ్డ మూడుసార్లు తలూపింది.

"ఏమన్నడు?" అని బస్సులో అడిగాడు.

"ఏం లేదు బాపు. మంచిగనే ఉన్నవట."

ఏమీ లేనిదానికి మూడుసార్లు తలూపుతారా? ఆగయ్య మనసులో అక్కడే ముల్లు దిగింది.

ఆనాటి నుంచి ఇల్లు మూగబోయింది. టీవీలో బొమ్మలు కదులుతాయి, మాట ఉండదు. గిన్నెను గిన్నె మీద పెట్టాలన్నా శ్రీలత గుడ్డు పట్టుకున్నట్టు పెడుతుంది. మొగుడూ పెళ్లాం వంటింట్లో గుసగుసలాడతారు, ఇతను గడపలో అడుగుపెడితే నోళ్లు మూసుకుంటారు. తిన్న తర్వాత పగలు పడే కునుకు కూడా పోయింది. సరిగ్గా ఆ వేళకే గిర్ని ఆగుతోంది మరి.

"గిర్ని ఎందుకు ఆగింది అల్లుడా?"

"కరెంటు పోయింది మామా," అన్నాడు కరుణాకర్, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

ఎదురింటి దర్జీ కొట్లో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? ఆగయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని ఒక్కొక్కటీ లెక్కలు కట్టాడు. తనను ఏదో ఆశ్రమంలో వేయడానికి మాట్లాడుకుంటున్నారు. ఈ ఇల్లు కూడా పోతే తనకు ఇక ఇల్లనేది లేదు. ఆ మాట తట్టగానే భయం పట్టుకుంది. వేలెడంత ఉన్నప్పుడు భుజాన మోసిన పిల్లనే అనుమానిస్తున్నానని సిగ్గూ వేసింది. కానీ భయం ముందర సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది!

మర్నాడు చాయ్ తాగితే గ్లాసు అడుగున తెల్లటి పొడి కనిపించింది.

"ఎన్ని దినాలాయె బిడ్డా, నాకు మందు పెట్టవట్టి?"

మందు పెట్టడమంటే ఆ ప్రాంతంలో చిన్న మాట కాదు. మనిషిని ఎండబెట్టి చంపడానికి తిండిలో కలిపేదాన్ని అంటారు. శ్రీలత గ్లాసు లాక్కుని కొంగు చాటున పెట్టుకుంది.

ఆగయ్య సంచీ సర్దుకుని బయటికొచ్చాడు. గిర్ని ముందు నలుగురు ఆడవాళ్లు జొన్నల సంచులతో నిలబడి ఉన్నారు.

"పోనీ. ఇగ ఎవలి కోసం బందు వెట్టాలె," అని కరుణాకర్ కోపంతో స్విచ్చి వేశాడు. గిర్ని గర్జించింది. ఆటో వచ్చేదాకా అని ఆగయ్య గోడకు చేరగిలబడి తౌడు బస్తా మీద కూర్చున్నాడు.

ఆటో రాకముందే నిద్ర పట్టేసింది. నోరు తెరుచుకుంది, వణికే చేతులు ఒళ్లో వాలిపోయాయి. ఏడుస్తూ వచ్చిన శ్రీలత బెదిరిపోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. శ్వాస నిదానంగా వస్తోంది. కోపంలోనూ అలవాటు తప్పని కరుణాకర్, పాపం పడుకున్నాడు కదా అని మెల్లగా గిర్ని ఆపాడు.

బెల్టు తిరగడం పూర్తిగా ఆగనేలేదు, ఆగయ్య నిలువునా లేచాడు. కళ్లు ఇంకా మూసే ఉన్నాయి, చెయ్యి గాలిలో దేనికోసమో చాచి ఉంది.

"పోగు తెగింది," అన్నాడు.

బాపుకు నిద్ర పట్టేది చప్పుడులోనే, చెదిరేది చప్పుడు ఆగితేనే అని శ్రీలతకు అప్పుడు అర్థమైంది. "ఆన్ చెయ్యుండ్రి. ఇగ బందు వెట్టకుండ్రి," అని మొగుడికి చెప్పి, ఆ హోరులో తండ్రి చెవి దగ్గర గొంతు చించుకుంది.

"బాపూ, చాయ్‌ల గోలీ నేనే కలిపిన. నీ నరాలు ఒక్క గడియ గూడ ఊకుంటలేవని డాక్టర్ రాసిచ్చిండు. నాకు పిచ్చా అంటవని చెప్పలె. సప్పుడు చెయ్యద్దన్నడు. గందుకే గిర్ని ఆపినం."

జొన్నల సంచుల వాళ్లు విన్నారు. ఎదురు కొట్లో దర్జీ విన్నాడు. ఆగయ్య తల దించుకున్నాడు. అతనూ అరిచాడు.

"నన్ను ఏడికన్న తోలిద్దామనుకున్నరా?"

"ఏడికి తోలుత బాపూ? నాకు నువ్వు గాక ఎవలున్నరు?"

ఆగయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఇనవడలే. ఇంకోపాలి చెప్పు," అన్నాడు.

వినబడిందని ఆమెకు తెలుసు. అయినా మళ్లీ అరిచి చెప్పింది.