మీరు వెతికింది దొరికిందా?

ఆరేళ్లుగా ఒక ఉత్తరం సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ ఉత్తరం నాది కాదు. సుగుణది.

ఇవాళ మెయిల్ తెరిస్తే మళ్లీ కొత్త సదుపాయమట. వెతికే చోట ఒక్క ముక్క కొడితే ఎంత పాత ఉత్తరమైనా బయటికొస్తుందట. కింద ఎప్పటిలాగే అడిగారు: మీరు వెతికింది దొరికిందా? మీ అభిప్రాయం రాయండి. ఇవి చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, తెలిస్తే రాయలేను.

నెల్లిమర్లలో నాది చిన్న నెట్ సెంటర్. ఇక్కడ చాలామంది తమ మెయిల్ తాము చూసుకోరు. పాస్‌వర్డులన్నీ నా పొడుగు నోటుబుక్కులో ఉంటాయి. అప్లికేషను పెట్టేదీ నేనే, జవాబొస్తే చెప్పేదీ నేనే. ఆరేళ్ల కిందట, వచ్చే ఉత్తరాలను రకాలుగా విడదీసి వేరువేరు అరల్లో పెట్టే సదుపాయం వచ్చింది. నాకు తెగ నచ్చి, ఎవరినీ అడక్కుండా అందరి మెయిళ్లలోనూ పెట్టేశాను. అభిప్రాయం అడిగితే అందరి తరఫునా నేనే ‘చాలా బాగుంది’ అని కొట్టేశాను. భలే తెలివి నాది! సుగుణ దాన్ని కంటితో చూడనైనా లేదు.

సుగుణ జూట్‌మిల్లు కార్మికుడి కూతురు. నర్సింగ్ చదివింది. ఆసుపత్రి ఉద్యోగానికి పరీక్ష రాసింది, ఆ ఏడాదితో వయసు దాటిపోతుంది. ఆదివారం చర్చికి వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగేది. నేను మొదటి అర మాత్రం చూసి, లేదని తల ఊపేదాన్ని. ఒకరోజు లోపలికొచ్చి కూర్చుంది.

“అక్కా, నాతోటి రాసినోళ్లకి కబురొచ్చీసినాదంట. నాకేటి రానేదు? ఓపాలి బాగా సూడవా?”

చూశాను. ప్రకటనల అరలో, చీరల డిస్కౌంట్ల మధ్య ఉంది. సర్టిఫికెట్లతో రమ్మన్న తేదీ నాలుగు రోజుల కిందే అయిపోయింది. తెర నా వైపే తిరిగి ఉంది.

“ఏటీ రానేదమ్మా,” అన్నాను. అంటూనే ఆ ఉత్తరాన్ని తీసేశాను. చెత్తబుట్టలోంచి కూడా.

“పోన్లే అక్కా. నువ్వు మాత్రం ఏటి సేస్తావు!” అని నా భుజం తట్టి వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? సెంటరు పేరు పోతుందనా? తేదీ దాటాక చెప్పి లాభమేమిటని అప్పట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ, అది కూడా అబద్ధమే. ఆ ఉత్తరం పట్టుకుని ఆరోజే వెళ్లి బతిమాలితే వాళ్లు ఒప్పుకునేవాళ్లేమో, ఒప్పుకోకపోయినా కనీసం తనను పిలిచారన్న సంగతి ఆ పిల్లకు తెలిసేది కదా. మార్కులు చాలలేదనే సుగుణ ఇప్పటికీ అనుకుంటోంది. మందుల షాపులో పనిచేస్తోంది. ఇంట్లో ఎవరికి అప్లికేషను పెట్టాలన్నా నా దగ్గరికే పంపిస్తుంది. అదే నాకు అన్నిటికన్నా మంట.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వను. ఇన్నాళ్లూ అందరి తరఫునా అభిప్రాయాలు రాశాను, ఇది ఒక్కటి నాది. రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది.

మీ కొత్త సదుపాయంలో ఇందాక సుగుణ మెయిల్ తెరిచి ఆ ఆసుపత్రి పేరు కొట్టి చూశాను. ఏమీ లేదంది. దాని తప్పేమీ లేదు, బాగానే పనిచేస్తోంది. వెతికింది దొరికిందా అని అడిగారు కదా.

ఆరోజే దొరికింది. దొరకలేదని చెప్పాను.