మాస్కూ, ఆఖరి మాటా

ఊపిరి దక్కుతుందంటే మీరు వాదనలో ఓడిపోతారా? వెంటనే ఔననకండి. ఆ ప్రశ్న తేల్చుకోవడానికి మా పెద్దమ్మకు ఒక శీతాకాలమంతా పట్టింది.

ఆమె ఒక విద్యార్థి వసతిగృహంలో కట్టెల పొయ్యి మీద వండుతూ జీవితం గడిపింది. ఆ వంటగదికి పొగగొట్టం లేదు. ఆ తప్పు ఎవరి మెడకు చుట్టుకోవాలో లాయర్నైన నేను చట్టం తెరిచి చెప్పబోతే, "పిల్లలు వేళకు తిన్నారా లేదా? అది చెప్పవే" అని నా నోరు మూయించింది. పొగ మాత్రం ఆమెను వదల్లేదు. ఊపిరితిత్తులు పాడై, నిద్రలో చెడుగాలి పూర్తిగా బయటికి పోక, తెల్లవారేసరికి తలనొప్పి, మగత. గరిటె పట్టుకునే కునికేది.

నిద్రపోయినంతసేపూ ముక్కునూ నోటినీ కప్పే మాస్కు పెట్టుకోవాలని చెప్పి, ఆసుపత్రిలో ఆమెకు వైద్యం చేసిన డాక్టరమ్మ గాలిని లోపలికి నెట్టే యంత్రాన్ని ఇంటికిప్పించింది. మానేస్తే మళ్లీ ఆసుపత్రి మంచమేననీ, ఈసారి తిరిగొస్తుందన్న నమ్మకం లేదనీ దాచకుండా చెప్పింది.

నెల తిరిగినా మగత తగ్గలేదు. మాస్కు ఎంతసేపు వాడిందో యంత్రంలో నమోదైన లెక్కను డాక్టరమ్మ చూసింది.

"పెట్టుకున్న కాసేపటికే తీసేస్తున్నారు. ఒరుసుకుంటోందా అమ్మా?"

"లేదు తల్లీ, మెత్తగానే ఉంది."

"మరి?"

పెద్దమ్మ పక్కనున్న భర్త వైపు చూసింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు.

"ఈయన్నడుగు. పగలంతా కంటికి భూతద్దం తగిలించుకుని బెల్లంకొట్టిన రాయిలా ఉంటారు. నేను మాస్కు పెట్టుకోగానే నోరు లేస్తుంది. మొన్న మా తమ్ముణ్ణి పిసినారన్నారు. ఊరుకోనా? తీసి జవాబు చెప్పాను. చెప్పాక హాయిగా నిద్రపట్టేసింది."

పెద్దనాన్న తల దించుకున్నాడు. "ఇన్నేళ్లకి ఒక్క మాటైనా పూర్తిగా చెప్పే వీలు దొరికిందని..."

పెళ్లయిన నాటినుంచీ ఆ ఇంట్లో ఆఖరి మాట ఆమెదే మరి.

నేను రాజీ కుదిర్చాను: మాస్కు పెట్టాక పెద్దనాన్న పెదవి విప్పకూడదు. ఆయన ఒప్పుకున్నాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ మౌనం భరించలేక ఆమె మాస్కు తీసి, "ఏం, అలిగారా?" అని అడిగింది. నా రాజీ అంతటితో సరి.

మర్నాడు పక్క పరిచాక, పెద్దమ్మ మాస్కు పట్టీలు తనే సరిచేసుకుంటూ నావైపు తిరిగింది.

"మీ కోర్టుల్లో వాయిదాలుంటాయిగా. నా జవాబు పొద్దుటికి వాయిదా." ఆపైన ఆయనతో, "మా తమ్ముడి సంగతేదో ఇప్పుడు చెప్పుకోండి" అని మాస్కు బిగించుకుంది.

పెద్దనాన్న చాలాసేపు ఆలోచించాడు.

"పిసినారే" అన్నాడు.

ఆమె చేయి పట్టీదాకా వెళ్లింది. అక్కడ కాసేపు ఆగి, దుప్పటి కిందికి వెళ్లిపోయింది.