కారిడార్‌లో కనెక్టింగ్ ఫ్లైట్

మా టీమ్‌లో భీమవరం కుర్రాడు సుబ్బారావు కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీలు సరిచేసే వైటూకే పని మీద రేపు సిడ్నీ వెళ్తున్నాడు. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. పైగా సింగపూర్‌లో ఇంకో విమానంలోకి మారడానికి గంటే టైముంది. వారం నుంచి అదే బెంగ.

చూడలేక ఈ మధ్యాహ్నం మా మాదాపూర్ ఆఫీసులోనే రిహార్సల్ పెట్టాను. లిఫ్టేమో అతను దిగిన విమానం, కారిడార్ ఆ చివరున్న సర్వర్ రూమేమో ఎక్కాల్సిన విమానం. భుజానికి బ్యాగు తగిలించి, ఎక్కడా ఆగకుండా నడవమని చెప్పి, సర్వర్ రూమ్ దగ్గర నిలబడ్డాను.

మనిషి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే మా సెక్యూరిటీ గార్డు యాదగిరి పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

"నీ విమానం వెళ్లిపోయింది" అన్నాను కాస్త కోపంగానే.

"ఊరికి పోయేటోనికి చాయ్ పొయ్యకుంటె ఎట్ల మేడం?" అన్నాడు యాదగిరి.

సుబ్బారావు గ్లాసు కింద పెట్టి, "సింగపూర్‌లో ఈ ఇబ్బంది ఉండదులెండి మేడం. అక్కడ నన్ను ఆపేవాళ్లెవరున్నారు?" అన్నాడు.

తిడదామని వెళ్లినదాన్ని, నాకూ ఒక టీ పొయ్యమన్నాను. అలా రిహార్సల్‌లో ఇద్దరం ఫ్లైటు మిస్సయ్యాం. మీరైతే ఆగకుండా వెళ్లేవాళ్లేనా?