ఎల్మర్ క్విగ్ వదిలేసిన బంతులు

కెనడాలోని ఒషావాలో రంగనాథ్ గారికి ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఎల్మర్ క్విగ్ ఊడిపడక తప్పదు. క్విగ్ నూట పదేళ్ల కిందటి బేస్‌బాల్ ఆటగాడు. షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ వంగి నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతుల్ని ఆపేవాడు. పదమూడేళ్లు చిన్న ఊళ్ల జట్లలో ఆడి, పెద్ద లీగులో పదకొండే రోజులు వెలిగాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన రాజమండ్రి ఇంజనీరు రంగనాథ్ గారికి క్విగ్, ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గ్యారేజ్ సేల్‌లో, పాత రికార్డుల పుస్తకంలో దొరికాడు. ఆ పుస్తకాన్ని ఆయన ఎవరి చేతికీ ఇవ్వరు.

పక్కింటి జానకమ్మ గారి మోకాలి ఆపరేషన్‌కి క్విగ్ మోకాలి కథ. మా గృహప్రవేశంలో పప్పు మాడితే క్విగ్ తిన్న మాడు రొట్టె కథ.

నలభై ఆరేళ్ల వయసులో నేను డ్రైవింగ్ లైసెన్స్ రోడ్ టెస్ట్ నాలుగోసారి ఫెయిలయ్యాను. పార్కింగ్‌లో నేను వేసిన బ్రేక్‌కి ఎగ్జామినర్ కాఫీ ఆయన ఒళ్లోనే పడింది. గంట దూరంలోని వాన్ అనే ఊళ్లో నాకొచ్చిన గోడౌన్ ఉద్యోగం తెల్లవారుజామున అయిదింటికి. ఆ వేళకి బస్సుండదు. నెలాఖరుకి లైసెన్స్ రాకపోతే ఉద్యోగం ఇంకొకరిది.

రంగనాథ్ గారు అయ్యో అని కూడా అనలేదు. “పెద్ద లీగులో మొదటి రోజే క్విగ్ అయిదు బంతులు వదిలేశాడయ్యా. మర్నాడు మళ్లీ అదే చోట నిలబడ్డాడు.”

నాకు అనుమానం వచ్చింది. నర్సింగ్ పరీక్ష రెండుసార్లు తప్పిన పద్మతో మూడు బంతులే అన్నారు మరి. ఆయన కాఫీ కలపడానికి లేవగానే పుస్తకం తెరిచాను. మొదటి రోజు వదిలిన బంతులు: సున్నా.

పెద్దాయన అబద్ధాన్ని పట్టుకున్నందుకు నాకే సిగ్గేసి, కాఫీలో చక్కెర లేదని కూడా చెప్పకుండా తాగి వచ్చేశాను.

అయినా అయిదో టెస్ట్‌లో ఎగ్జామినర్ పక్కన కూర్చోగానే, క్విగ్ లెక్కన వదలడానికి ఇంకొకటి మిగిలే ఉందిలే అనుకున్నాను. పాసయ్యాను.

ఆ కబురు చెప్పగానే రంగనాథ్ గారే పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. “చూడు హేమచంద్రా, ఒక్కటీ వదల్లేదు. బంగారం లాంటి చేతులు.”

“మరి అయిదన్నారు?”

“ఆయన పోయి డెబ్బై ఏళ్లయింది. మనవి నాలుగు మోస్తే ఆయన పేరేం తరిగిపోదులే.”

అంతలో ఫోన్ మోగింది. పద్మ. పరీక్ష మూడోసారీ పోయిందట. రంగనాథ్ గారు నెమ్మదిగా పుస్తకం మూసి, “నాలుగమ్మా,” అన్నారు.

“నాలుగే పద్మా,” అన్నాను నేను పక్కనుంచి. “పుస్తకంలో ఇప్పుడే చూశాను.”