అత్తమ్మ సీటు, జర్మన్ బండి

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. కాబట్టి దేశాల గురించి మాట్లాడే హక్కు జహీరాబాద్‌లో అందరికన్నా నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఆదివారం పొద్దున హైవే పక్కన చాయ్ హోటల్లో మా దోస్తులం కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా చివరికి కార్ల మీదికే వస్తుంది. ఏ దేశం కారు మంచిదన్న పంచాయితీ మా మధ్య ఏళ్లుగా తెగలేదు. నాది జపాన్ పార్టీ. నా తెల్ల కారు జపాన్ కంపెనీది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఇంతవరకు నడిరోడ్డు మీద నా పరువు తీయలేదు. కొరియా కార్లకు సోకులెక్కువ, అమెరికావి డీజిల్ తాగుతాయి, మన దేశం బండి మన గుంతలను తట్టుకుంటుంది గానీ లోపల ఏదో ఒకటి గలగలమంటూనే ఉంటుంది. ఇదీ నా తీర్పు. జర్మనీ గురించి మాత్రం నేను పెద్దగా మాట్లాడేవాణ్ని కాదు. మా చుట్టుపక్కల ఆ బండి ఎవరికుంది గనక అనుకునేవాణ్ని.

మాతో కూర్చునే టైలర్ సాబ్ కొన్నాళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. "జర్మనీ బండి తలుపు ఏస్తే ఆ సప్పుడే వేరే ఉంటది సార్. తిజోరీ మూసినట్టుంటది" అనేవాడు.

"తలుపు సప్పుడు ఇనుకుంట బండి నడుపుతమా సాబ్" అని నేను కొట్టిపారేసేవాణ్ని.

ఆ చప్పుడు నేను మొదటిసారి మా గల్లీలోనే, మా ఇంటి ముందే విన్నాను. కారులోంచి దిగింది మా తోడల్లుడు, నా భార్య చెల్లెలి మొగుడు. కోహీర్‌లో అల్లం వ్యాపారం చేస్తాడు. ఆ ఏడు అల్లానికి రేటు బాగా పలికింది. మనిషి మంచివాడు, నన్ను నోరారా అన్నా అని పిలుస్తాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ని.

నల్లటి కారు. అద్దాల్లో మా గల్లీ గల్లీ అంతా కనిపిస్తోంది. దాని పక్కన నా తెల్ల కారు, పెళ్లికి హవాయి చెప్పులతో వచ్చిన చుట్టంలా నిలబడింది. నాకు కడుపు మండింది. దీనికి వేరే మర్యాదైన మాట వెతకను.

"అన్నా, ఇంక ఎవ్వలకు ఇయ్యలే. ముందుగాల నువ్వే నడుపు" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

మొగుడంపల్లి దారిలో కొంతదూరం పోయి వచ్చాం. దారిలో ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకర్ ఒకటుంది. అక్కడ దాని కడుపు రాసుకోవాలని మనసులో గట్టిగా కోరుకున్నాను. రాసుకోలేదు. పైగా నిద్రపోతున్న పిల్లను కూడా లేపనంత మెత్తగా దాటేసింది. దిగాక, "బాగనే ఉంది తమ్మీ. కని పార్టులు ఏడ దొరుకుతయి? ప్రతిదానికీ హైదరాబాద్ ఉరకాలె" అన్నాను.

"ఔనే అన్నా, అదైతే నిజమే. నిన్ను అడిగి కొనకపోతి" అన్నాడు. ఆ వినయానికి నాకు ఇంకా ఒళ్లు మండింది.

"పైన అద్దం గూడ తెరుసుకుంటదట" అంది నా భార్య, వాడి వెంట వచ్చిన చెల్లెలి చెయ్యి పట్టుకుని.

"మనది గూడ తెరుసుకుంటది, కిటికీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు. వాళ్లందరూ చాయ్ తాగడానికి లోపలికి వెళ్లాక నా కారు తలుపు ఒకసారి తెరిచి మూశాను. టప్పుమంది. మెల్లగా మూసి చూశాను, అప్పుడు సరిగా పడనే లేదు.

అయినా నాకొక ధీమా ఉంది. వాడి దగ్గర జర్మనీ కారు ఉంటే నా దగ్గర అత్తమ్మ ఉంది. ఆమె మా ఇద్దరికీ అత్తే గానీ, నాకు అంతకు ముందే మేనత్త, మా నాన్నకు చెల్లెలు. నాన్న పోయాక, ఆయన గొంతుతో నన్ను కసిరే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. మా వెనక గల్లీలోనే ఉంటుంది. ఎక్కడికి పోవాలన్నా నా కారులోనే, నా పక్కన ముందు సీట్లోనే పోతుంది. చిన్నప్పుడు నాన్న ఆమెను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని న్యాల్‌కల్ జాతరకు తీసుకుపోయేవాడట. "మీ నాయిన సైకిల్ మీద గూడ నేను ముందటనే కూసున్న" అని కారెక్కిన ప్రతిసారీ చెబుతుంది. ఆ సీటు ఎంత వెనక్కి జరపాలో, వీపు ఎంత వాల్చాలో నాకు తెలుసు. ఇంకెవరైనా కూర్చుని దిగితే మళ్లీ సరిచేసి పెడతాను. ఆ కథ నాదని, ఆ సీటు ఆమెదని నా లెక్క.

వాళ్లు చాయ్ తాగి బయటికొచ్చేసరికి, కొత్త బండి వచ్చిందని తెలిసి అత్తమ్మ కూడా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది.

"ఏం బండి బిడ్డా ఇది?"

"జర్మన్‌ది అత్తమ్మా" అన్నాడు తోడల్లుడు, మురిసిపోతూ.

అత్తమ్మ మొహం వాడిపోయింది. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. మా ఇళ్లల్లో పెద్దవాళ్లకు జర్మన్ అంటే దేశం కాదు, అల్యూమినియం. జర్మన్ గిన్నె, జర్మన్ డేగిస అంటారు. అత్తమ్మ వంటింట్లో రాగి, ఇత్తడి, ఇనుము, స్టీలు, వాటన్నిటి కింద జర్మన్. చేయి జారితే సొట్ట పోతుంది, పులుపు తగిలితే నల్లబడుతుంది, పాత సామాన్లవాడు కూడా మొహం అదోలా పెట్టి తీసుకుంటాడు.

బానెట్ మీద బొటనవేలితో నొక్కి చూసింది. "జర ఇనుముది సూసుకోకపోయినవా బిడ్డా" అంది.

వాడికి అర్థం కాలేదు. "గట్టిగనే ఉంటది అత్తమ్మా, ఏం ఫికర్ లేదు" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "నీదేంది బిడ్డా?"

నేను సోషల్ టీచర్ని. స్కూలు నుంచి యూరప్ మ్యాపు తెచ్చి గోడకు తగిలించి చెప్పగలను. "నాది ఇనుముది అత్తమ్మా. జపాన్ ఇనుము" అన్నాను.

ఆ వారమంతా నాకు పండగే. ఆ నల్ల కారు గుర్తొచ్చినప్పుడల్లా జర్మన్ డేగిసకు చక్రాలు పెట్టినట్టు ఊహించుకుని నవ్వుకున్నాను.

తర్వాతి ఆదివారం బీదర్‌లో అత్తమ్మ వాళ్ల ఆడబిడ్డ ముని మనవడికి తొట్టెల ఫంక్షన్. రెండు కార్లూ బయల్దేరాలి. పొద్దున్నే నా కారు కడిగాను. ముందు సీటు ఆమె కొలతకు జరిపాను. వికారం రాకుండా వాసన చూడటానికి నిమ్మకాయ కూడా కోసి పెట్టాను. అత్తమ్మ రాగానే తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆమె నన్ను దాటుకుని పోయి నల్ల కారు దగ్గర నిలబడింది.

"ఇటు అత్తమ్మా" అన్నాను.

ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నేను వాని బండ్ల కూసుంట బిడ్డా. అందరం నీ ఇనుము బండే ఎక్కితే వాడు మనసుల ఏమనుకుంటడు? తెల్వక జర్మన్‌ది కొన్నడు. ఇంట్లోల్లమే ఎక్కకపోతే ఇంకెవలు ఎక్కుతరు?"

అత్తమ్మ నా పక్క సీట్లో కూర్చోవాలంటే ఇక ఒక్కటే దారి, నిజం చెప్పడం. చాయ్ హోటల్లో ఎన్ని ఆదివారాలు గడిచినా నా నోట రాని మాట, తోడల్లుడు వింటుండగా, భార్య వింటుండగా చెప్పాల్సి వచ్చింది.

"అది గిన్నెల జర్మన్ కాదత్తమ్మా. జర్మనీ అని దేశం ఉంది. ప్రపంచంల అన్నిటికన్న మంచి బండ్లు చేసేది ఆళ్లే. నా బండి దాని ముందట ఎందుకూ పనికి రాదు."

తోడల్లుడు నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. అత్తమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేయి చాపి నా చెంప నిమిరింది.

"అచ్చం మీ నాయిన మనసే నీది. తమ్మునిది తక్కువైనా తక్కువని అననియ్యవు" అంది.

పోయి వాడి పక్కన ముందు సీట్లో కూర్చుంది. తలుపు పడింది, తిజోరీ మూసినట్టే.

"చెల్లెతోని ముచ్చట పెట్టుకుంట పోత" అని నా భార్య కూడా ఆ పైన తెరుచుకునే అద్దం కిందికే చేరింది. పోయేముందు ఫంక్షన్ కోసం వండిన బగారన్నం తెచ్చి నా కారులో పెట్టింది. వెనక పెడితే ఒరుగుతుందని ముందు సీట్లోనే పెట్టి, "బెల్టు ఎయ్యి, ఒంపకు" అని మరీ చెప్పింది.

బీదర్ రోడ్డు మీద వాళ్ల వెనకే నడిపాను. ముందు కారు అద్దంలోంచి అత్తమ్మ చెయ్యి ఊపుతూ ఏదో చెప్పడం కనబడుతోంది. అది సైకిల్ కథేనని నాకు తెలుసు. నా పక్కన, ఆమె కోసం వాల్చిన సీట్లో, బెల్టు పెట్టుకుని, పెద్ద జర్మన్ డేగిస కూర్చుని ఉంది.