నల్లగుడ్డ కింద

ఆమె అసలు పేరేమిటో నీళ్ల సరఫరా కేంద్రంలో ఎవరికీ పట్టలేదు. అందరికీ ఆమె పాచమ్మ. ఊరికి నీళ్లు పంపే పెద్ద కుంటలో, పొడవాటి కర్రకు బిగించిన జల్లెడతో పాచి తీయడం ఆమె పని. ఇవాళ తీస్తే రేపటికి మళ్లీ పచ్చగా అల్లుకునేది. చీరకు, గోళ్లకు, చివరికి నోట్లో పెట్టుకునే ముద్దకు కూడా అదే వాసన. “నన్ను కట్టుకున్నావో, ఆ పాచిని కట్టుకున్నావో!” అని కుట్టుమిషను తొక్కుతూ మొగుడు వేళాకోళం చేసేవాడు.

ఆ పాచి పీడ వదలాలని రోజూ మొక్కుకునేది. అందుకే కుంట మీద నల్లగుడ్డ కప్పిస్తున్నారని తెలిసినప్పుడు ఆమె ప్రాణం లేచొచ్చింది. చుట్టూ రాటలు పాతి, తీగలు లాగి, పడవలో కూర్చున్న మనిషి తలకు తగిలేంత ఎత్తులో గుడ్డ పరిచారు.

“ఎండ తగలకపోతే పాచి పట్టదు. ఇక హాయిగా కాళ్లు చాపుకుని కూర్చో, పాచమ్మా” అన్నాడు సూపర్‌వైజరు.

అన్నట్టే అయింది. మొదట చచ్చిన పాచి కుళ్లి కంపు కొట్టినా, పోనుపోను నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. జల్లెడ గోడకు చేరింది. పాచమ్మ గట్టు మీద కూర్చునేది గానీ, ఎందుకో ఒళ్లు గగుర్పొడిచేది. ఎందుకో తెలియడానికి ఆమెకు చాన్నాళ్లు పట్టింది. కుంట దగ్గర చప్పుడు పోయింది. చెవి దగ్గర రొదపెట్టే దోమలు పోయాయి. తూనీగ కనబడదు. కప్పలు నోరు కట్టేసుకున్నాయి.

మిగిలినవి కొంగలే. రాటకొకటి చొప్పున నిలబడి ఉండేవి. ఇదివరకు ఆమె అడుగు వినబడితే చాలు, ఎగిరిపోయేవి. ఇప్పుడు కదలవు. రొమ్ము ఎముక బయటపడి, ఈకలు వేలాడిపోయి, ఆమె ఎటు నడిస్తే అటు మెడ తిప్పేవి. ఓ మధ్యాహ్నం వాటిలో ఒకటి రాట మీంచి రాయిలా రాలిపడింది. మిగతావి దానివైపు చూడలేదు. పాచమ్మనే చూస్తున్నాయి.

ఆ మర్నాడు లోపల తీగ ఒకటి వదులైందని, పడవేసుకుని వెళ్లి బిగించమని సూపర్‌వైజరు పురమాయించాడు. బయట నిప్పులు చెరిగే ఎండ. గుడ్డ కింద కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. దూరాన ఒక్కచోట గుడ్డ చిరిగి, పళ్లెమంత వెలుగు నీళ్ల మీద పడుతోంది. అటు నుంచి చప్పరింపులు వినవస్తున్నాయి, పసిపిల్లలు పాలపీకను చీకుతున్నట్టు.

దగ్గరికి వెళ్లి చూసింది. కుంటలో బతికున్న చేపలన్నీ ఆ వెలుగు చుట్టూ మూగి ఉన్నాయి. అన్నిటి నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి. ఆ కాస్త మేరా నీళ్లు లేతపచ్చగా ఉన్నాయి. తడి చెయ్యి పడవ అంచున పెట్టగానే మూతులన్నీ ఒక్కసారిగా ఆ చేతివైపు తిరిగాయి. అంతలో అడుగు నుంచి ఓ కొరమేను పైకొచ్చింది. తల బిందెంత, ఒళ్లు తాడంత. దాని నోట్లోంచి మరో కొరమేను తోక బయటికి వేలాడుతూ ఇంకా కొట్టుకుంటోంది.

పాచమ్మ తెడ్డు ఎలా వేసిందో ఆమెకే తెలియదు. గట్టు మీద నీళ్లు పరీక్షించే అమ్మాయి సీసాలు నింపుకుంటోంది. పాచమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని అంతా చెప్పింది.

ఆ అమ్మాయి సీసా పక్కన పెట్టింది. “పాచంటే వాటికి వంటిల్లు అక్కా. ఎండను తినేది పాచి ఒక్కటే. దాన్ని పురుగులు తింటాయి, పురుగుల్ని చిన్న చేపలు, వాటిని కొరమేను, అన్నిటినీ కొంగ. ఒకటి తిన్నదాంట్లో పైదానికి చేరేది మహా అయితే పదో వంతు. మిగతాదంతా బతకడానికే ఖర్చు. కింద పొయ్యి ఆరిపోతే పైవాళ్లకేముంటుంది? ఒకళ్లనొకళ్లు తినడమే.”

“ఆ పొయ్యి ఆర్పమని మొక్కుకున్నదాన్ని నేనే కదమ్మా” అంది పాచమ్మ.

కొడవలి పట్టుకుని గట్టు వెంబడి నడుస్తూ, అందినమేరకు గుడ్డను బరబరా కోసేసింది. సూపర్‌వైజరు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

“మతి పోయిందా? మళ్లీ పాచి పడితే ఎవరు తీస్తారు?”

“నేనే తీస్తా. మీరోసారి లోపలికెళ్లి రండి.”

అతను వెళ్లొచ్చాడు. సాయంత్రానికి మనుషుల్ని పెట్టి సగం గుడ్డ తీయించాడు.

పాచి తిరిగొచ్చింది. తర్వాత పురుగులు, వాటి వెనక చిన్న చేపలు. రాటల మీది పాత కొంగలు అప్పటికే లేవు; మళ్లీ కొంగలు రావడానికి రెండు వానాకాలాలు పట్టాయి. పాచమ్మ మళ్లీ జల్లెడ పట్టింది గానీ, చెయ్యి మాత్రం నీళ్లకు తగలనిచ్చేది కాదు.

పూడిక తీయడానికి కుంట ఎండగట్టినప్పుడు ఆమె ఆ పెద్దతల కొరమేను కోసం మూలమూలా వెతికింది. పుర్రె కాదు కదా, ముల్లు కూడా దొరకలేదు.

“దాన్నెవరు తిన్నారే?” అని గట్టు మీదున్న ఆ అమ్మాయిని అడిగింది.

“చచ్చినవాటిని తినేవి కంటికి కనబడవక్కా. అవన్నీ బురదలోనే ఉంటాయి.”

పాచమ్మ కిందికి చూసుకుంది. మోకాళ్లదాకా బురద. ఒక్కో కాలూ పైకి లాగుతుంటే, వదలడం ఇష్టంలేనట్టు, ఆ బురద చప్పరిస్తోంది.